పెన్సిల్వేనియా పొలాల లింకు దస్తావేజులు

పొలం ఒకటే. అమ్మేది ఒకరే, కొనేదీ ఒకరే. దస్తావేజులు మాత్రం రెండు. రెండోది మొదటిదానికి మర్నాటి తేదీతో ఉంటుంది. మొదటి దస్తావేజులో ఐదు షిల్లింగులు ముట్టాయనీ, పొలం ఏడాది పాటు కౌలుకిచ్చామనీ, ఏడాది చివర అడిగితే కౌలు కింద ఒక మిరియపు గింజ ఇవ్వాలనీ రాసి ఉంటుంది. అసలు ధర, హద్దులు, వారసుల హక్కులు, పూచీలు అన్నీ రెండోదాంట్లో వస్తాయి. 1700ల నాటి పెన్సిల్వేనియా, వర్జీనియా రిజిస్టరు పుస్తకాల్లో ఇలాంటి జంటలు కోకొల్లలు. జీవితమంతా దస్తావేజులు రాసినవాణ్ణి కనక, ఒకే ఆస్తికి రెండు రోజుల్లో రెండు కాగితాలు కనబడితే నా చూపు అక్కడే ఆగిపోతుంది.

దీని కిటుకు ఇంగ్లండు చట్టంలో ఉంది. పూర్వం అక్కడ భూమి అమ్మాలంటే ఉత్త కాగితం చాలేది కాదు. అమ్మేవాడూ కొనేవాడూ సాక్షులూ అందరూ పొలంలోకి వెళ్ళాలి. అమ్మేవాడు వంగి ఒక గడ్డి పెళ్ళ పెకలించి, దానికి ఒక చెట్టు రెమ్మ గుచ్చి, భూమి స్వాధీనపరుస్తున్నానని నోటితో చెప్పి, కొనేవాడి చేతిలో పెట్టాలి. ఇల్లయితే తలుపు గొళ్ళెం చేతికిచ్చేవారు. కొన్నవాడు లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని, మళ్ళీ తీసి మిగతావాళ్ళని తన ఇంట్లోకి రానిచ్చేవాడు. ఇదంతా జరిగిందని దస్తావేజు వెనక వైపు రాసి సాక్షులు సంతకాలు చేసేవారు. 1682 అక్టోబరు చివర్లో పెన్సిల్వేనియా యజమాని విలియం పెన్ డెలావేర్ నది ఒడ్డున న్యూకాసిల్‌లో దిగినప్పుడు అక్కడివాళ్ళు ఆయనకు కోట తాళంచెవి ఇచ్చారు. దానితో పాటు రెమ్మ గుచ్చిన గడ్డి పెళ్ళ, ఒక గిన్నెలో నది నీళ్ళూ మట్టీ చేతికిచ్చారు. ఒక ప్రాంతం మొత్తం చేతులు మారినా పద్ధతి అదే.

ఒక ఎకరం అమ్మినా ఇంత తతంగం కావాలి. కాలనీల్లో చూస్తే దారులు లేవు, పొలాలు రోజుల ప్రయాణంలో ఉండేవి, అమ్మేవాడు ఒక్కోసారి సముద్రానికి అవతల లండన్‌లో ఉండేవాడు. 1536లో ఇంగ్లండులో వచ్చిన ఒక చట్టం ప్రకారం, డబ్బు తీసుకుని కౌలుకి రాసిస్తే స్వాధీనం కాగితం మీదే కౌలుదారుకి వచ్చేస్తుంది. స్వాధీనంలో ఉన్నవాడికి మిగిలిన హక్కు వదులుకోవడానికి ఒక విడుదల పత్రం చాలు. అందుకే ఇవాళ కౌలు, రేపు విడుదల. గట్టు తొక్కకుండానే అమ్మకం పూర్తయ్యేది. ఆ ఐదు షిల్లింగులు, ఆ మిరియపు గింజ చట్టం తృప్తి కోసం రాసినవి. వకీళ్ళు ఇంత లోతుగా ఆలోచించి కట్టిన ఏర్పాటు నాకు భలే నచ్చింది.

మా నాన్నగారు తణుకులో దస్తావేజు లేఖరి. ఆయన తరవాత ఆ బల్ల ముందు నేను కూచున్నాను. మా అమ్మాయీ అల్లుడూ పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియాకి ఉత్తరాన ఉన్న బక్స్ కౌంటీలో ఇల్లు కొన్నారు. కొనేటప్పుడు అక్కడ ఒక కంపెనీ పాత హక్కులన్నీ వెతికి నివేదిక ఇస్తుంది. ఆ నివేదిక చదివాక ఇంకా వెనక్కి వెళ్ళాలనిపించింది. మా వృత్తిలో మొదటి పాఠం లింకు దస్తావేజులు చూడటం. అమ్మేవాడికి ఎవరిచ్చారు, వాళ్ళకెవరిచ్చారు, వాళ్ళకి ముందు ఎవరు? గొలుసులో ఎక్కడ మెలిక ఉన్నా కొనేవాడికి చెప్పడం మా ధర్మం. అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ కౌంటీ పాత పుస్తకాల నకళ్ళు అదే కంటితో చదువుతూ వచ్చాను.

అలా వెతకడానికి వీలున్నదే ఒక గొప్ప సంగతి. దస్తావేజులన్నీ ఒక కచేరీలో నకలు రాయించి, ఎవరైనా వచ్చి చూసుకునేలా ఉంచాలన్న పద్ధతి ఇంగ్లండులో అంతటా లేదు. అక్కడ కాగితాలు ఇంటి పెట్టెలో ఉండేవి. మసాచుసెట్స్ కాలనీ 1640లోనే రిజిస్టరు చేయించాలని చట్టం చేసింది. నమోదు చేయని అమ్మకం తరవాత కొన్నవాడి మీద చెల్లదంది. మిగతా కాలనీలూ ఒక్కొక్కటీ ఆ దారి పట్టాయి. భూమి ఇంత వేగంగా చేతులు మారడానికి ఆ పుస్తకాలే పునాది. ముక్కూ మొహం తెలియనివాడి దగ్గర కూడా ధైర్యంగా కొనొచ్చు. వారసుల గురించిన వాక్యం ప్రతి దస్తావేజులోనూ తప్పకుండా ఉంటుంది. మనం పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో అని రాస్తామే, సరిగ్గా ఆ పని చేసే వాక్యం. అది లేకపోతే కొన్నవాడి ఊపిరితోటే హక్కు పోయేది.

ఇక చెక్కుబందీ. పాత దస్తావేజుల్లో నేను ఎక్కువసేపు ఆగేది అక్కడే. ఏటి ఒడ్డున గుర్తు పెట్టిన తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలుపెట్టి, దిక్సూచి మీద ఇన్ని డిగ్రీలు, ఇన్ని పెర్చిల దూరం, అక్కడ హికరీ చెట్టు, అక్కణ్ణించి ఫలానావారి హద్దు వెంట ఒక రాయి దాకా, మళ్ళీ తిరిగి మొదటి చెట్టుకి. పెర్చి అంటే పదహారున్నర అడుగులు. నాలుగు పెర్చిలు కలిస్తే ఒక గొలుసు, అంటే 66 అడుగులు, వంద లింకులు. ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు గణిత పండితుడు 1620లో ఏర్పరిచిన గొలుసు అది. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన మద్రాసు ప్రెసిడెన్సీలో పొలాలు కొలిచిందీ ఆ గొలుసుతోనే. పాత ఎఫ్.ఎం.బి.లలో, అంటే పొలాల కొలతల పుస్తకాల్లో, లింకుల లెక్క చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. మనం రోజూ అనే సెంటు ఖచ్చితంగా వెయ్యి చదరపు లింకులు. గోదావరి డెల్టాలో వరి పొలాన్నీ, డెలావేర్ లోయలో గోధుమ పొలాన్నీ కొలిచింది ఒకే పొడవు ఇనుము.

పెన్సిల్వేనియా కొలతలో నాకు బాగా నచ్చిన వాడుక ఒకటుంది. వంద ఎకరాలకి పట్టా ఇస్తే, దారుల కోసమని మరో ఆరు ఎకరాలు కలిపి కొలిచి ఇచ్చేవారు. రేపు ఆ భూమి మీంచి బాట వేస్తే రైతు నష్టపోకూడదని ముందే ఆలోచించారు.

ఆ రోజుల్లో గొలుసు పట్టిన కుర్రాళ్ళలో జార్జి వాషింగ్టన్ ఒకడు. 1748 ఫిబ్రవరిలో అతను తన అన్న లారెన్స్ టర్నిప్ దుంపల మడి కొలిచి గీసిన చిన్న నక్షా ఇప్పటికీ ఉంది. అప్పుడతనికి పదహారు నిండాయి అంతే. అదే ఏడు వసంతంలో లార్డ్ ఫెయిర్‌ఫాక్స్ భూములు కొలిచే బృందంతో కొండలు దాటి షెనాండోవా లోయకి వెళ్ళాడు. ఫెయిర్‌ఫాక్స్ ఎస్టేటు యాభై లక్షల ఎకరాల పైచిలుకు. మరుసటి ఏడు జులైలో కల్‌పెపర్ కౌంటీకి సర్వేయరయ్యాడు. వాతావరణం అనుకూలించిన రోజు ఒక డబ్లూన్, అంటే స్పానిష్ బంగారు నాణెం, సంపాదిస్తున్నానని ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఏ వాగు పక్కన నేల నల్లగా ఉందో, ఎక్కడ మిల్లు పెట్టడానికి నీటి జోరుందో సర్వేయరుకి అందరికంటే ముందు తెలుస్తుంది. 1750లో బుల్‌స్కిన్ క్రీక్ దగ్గర తన పేర భూమి కొన్నాడు. ఇరవయ్యొక్కేళ్ళు వచ్చేసరికి రెండు వేల ఎకరాలు దాటించాడు.

చెట్టు హద్దయితే చెట్టు పడిపోతే ఎలా? ఈ ప్రశ్నకి వర్జీనియా వాళ్ళు చక్కటి జవాబు కనిపెట్టారు. 1662 నాటి చట్టం ప్రకారం నాలుగేళ్ళకోసారి చర్చి పారిష్ పెద్దలు ఊరిని భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఇద్దరేసి మనుషుల్ని నియమించేవారు. వాళ్ళు చుట్టుపక్కల రైతులందర్నీ వెంటబెట్టుకుని ప్రతి పొలం హద్దు చుట్టూ నడిచి, గుర్తు చెట్ల మీద మానిపోతున్న గొడ్డలి గాట్లని మళ్ళీ కొట్టి తాజా చేసేవారు. అభ్యంతరం ఉన్నవాడు అక్కడే చెప్పాలి. మూడు విడతలు తగాదా లేకుండా నడిచిన హద్దు ఇక కదలదని తరవాతి చట్టం తేల్చింది. పక్క పొలం వాడితో కలిసి గట్టు మీద నడిస్తే సగం వ్యాజ్యాలు ముందే ఆగిపోతాయి. సివిల్ కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగిన గట్టు తగాదాల కాగితాలు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్ళాయి. వాటిలో చాలావాటికి ఈ నడక ఉంటే చాలనిపిస్తుంది.

ఆ గాట్లకి ఇంకో గుణం ఉంది. గొడ్డలి దెబ్బ మీద చెట్టు ఏటా ఒక వలయం చొప్పున కొత్త కొయ్య పెంచుకుంటూ పోతుంది. తరవాతి కాలంలో హద్దు తగాదా వస్తే, గాటు ఉన్నచోట చెట్టులోంచి ఒక దిమ్మ కోసి, మచ్చ పైనున్న వలయాలు లెక్కపెట్టి, సర్వే ఏ ఏట జరిగిందో కోర్టులో రుజువు చేసేవారు. దస్తావేజు మీద తేదీ దిద్దొచ్చు గానీ ఓక్ చెట్టులో దిద్దడం ఎవరి తరం?

అమ్మేవాడికి భార్య ఉంటే ఇంకో అడుగు ఉండేది. ఇంగ్లీషు చట్టం పెళ్ళైన ఆడమనిషికి తన పేర ఆస్తి నడుపుకునే హక్కు ఇవ్వలేదు. అయితే భర్త పోతే అతని భూముల్లో మూడో వంతు మీద ఆమెకి జీవితాంతం హక్కు ఉంటుంది. భర్త బతికుండగా అమ్మేసిన పొలం మీద కూడా ఆ హక్కు పోదు, ఆమె తనంతట తాను వదులుకుంటే తప్ప. అందుకని వర్జీనియాలో న్యాయాధికారులు ఆమెని భర్త లేని గదిలోకి పిలిచి అడిగేవారు. ఇష్టపూర్వకంగానే చేస్తున్నావా? ఎవరైనా బెదిరించారా? దస్తావేజులో ఏముందో తెలుసా? రాలేని స్థితిలో ఉంటే ఇద్దరు అధికారుల్ని ఇంటికే పంపేవారు. పెన్సిల్వేనియాలో 1770లో ఇది చట్టంగా వచ్చింది. అన్నదమ్ముల పేర హక్కు విడుదల రాసివ్వడానికి వచ్చి, నా బల్ల పక్కన తల వంచుకుని నిలబడ్డ ఆడపడుచుల్ని చాలామందిని చూశాను. పక్కనే అన్నగారు నిలబడి ఉండగా ఇష్టమేనా అని అడిగితే కాదని ఎవరంటారు? ఆ విడి గది విలువ నాకు బాగా తెలుసు. ఆ గదిలో కూడా ఎంతమంది నోరు విప్పగలిగారో దస్తావేజు చెప్పదు. ఆమె వాంగ్మూలం ఎప్పుడూ ఒకే మూసలో ఉంటుంది.

ఇక ధరల సంగతి. ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ పెన్ గారి తండ్రికి పదహారు వేల పౌండ్లు బాకీ ఉన్నాడు. ఆ బాకీ కింద 1681లో కొడుకు విలియం పెన్‌కి పెన్సిల్వేనియా మొత్తం రాసిచ్చాడు. ప్రతిగా ఏటా జనవరి ఒకటిన విండ్సర్ కోటలో రెండు బీవరు తోళ్ళు సమర్పించుకోవాలి. పెన్ తన మొదటి కొనుగోలుదారులకి ఐదు వేల ఎకరాలు వంద పౌండ్లకి అమ్మాడు, అదీ కాక వంద ఎకరాలకి ఏటా ఒక షిల్లింగు శిస్తు పెట్టాడు. 1732లో ఆయన కొడుకులు వంద ఎకరాలకి 15 పౌండ్ల 10 షిల్లింగులు చేశారు, శిస్తూ పెంచారు. 1765లో ధర 5 పౌండ్లకి దించారు. శిస్తు అన్నిసార్లూ డబ్బే కానక్కర్లేదు. స్టీగెల్ అనే గాజు కార్ఖానా యజమాని 1772లో మాన్‌హైమ్‌లో లూథరన్ చర్చికి స్థలమిస్తూ ఏటా జూన్‌లో ఒక ఎర్ర గులాబీ చెల్లించాలని రాశాడు. ఆ సంఘం వాళ్ళు ఇప్పటికీ ఏటేటా ఆ గులాబీ చెల్లిస్తున్నారు.

వర్జీనియాలో మొదట డబ్బు లేకుండానే భూమి వచ్చేది. 1618 నుంచి, సముద్రం దాటించి తెచ్చిన ఒక్కో మనిషికి యాభై ఎకరాలు. తెచ్చినవాడికి, వచ్చినవాడికి కాదు. ఆ హక్కు పత్రాలే సరుకుగా చేతులు మారాయి. ఓడ కెప్టెన్లు తమ నావికుల పేర్లు రాయించారు, ఒకే మనిషిని రెండుసార్లు చూపించారు. బానిసలుగా బంధించి తెచ్చిన ఆఫ్రికన్ల తలలు లెక్కపెట్టి కూడా భూమి పుచ్చుకున్నారు. ఆ భూమిలో పొగాకు వేసేవారు. మూడు నాలుగు పంటలకి నేల సారం చచ్చిపోయేది, దాన్ని ఏళ్ళ తరబడి బీడు పెట్టి కొత్త అడవి నరకాలి. పొగాకు రైతుకి ఎప్పుడూ ఇంకా భూమి కావాల్సి రావడానికి ఇదే కారణం.

రొక్కం దొరకడం కష్టంగా ఉండేది. పొగాకు బరువుతోనో గోధుమతోనో స్పానిష్ డాలర్లతోనో బాండ్లతోనో ధర చెల్లేది. పెన్సిల్వేనియా 1723లో ఒక లోను ఆఫీసు పెట్టింది. రైతు భూమి తనఖా పెడితే, దాని విలువలో సగానికి మించకుండా కాలనీ ముద్రించిన కాగితపు డబ్బు ఐదు శాతం వడ్డీకి ఇచ్చేవారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1729లో ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడే, ఈ డబ్బు నాణేలుగా పోసిన భూమి లాంటిదని వాదిస్తూ ఒక చిన్న పుస్తకం వేశాడు. ఆయన నడిపిన పెన్సిల్వేనియా గెజెట్ పత్రికలో పొలాల అమ్మకం ప్రకటనలు వరసగా ఉండేవి. ఎకరాలు ఎన్ని, నరికి చదును చేసింది ఎంత, కాపుకొచ్చిన ఆపిల్ తోట ఉందా, నీరు పారించగల పచ్చిక ఉందా, మిల్లూ ప్రార్థన మందిరమూ ఎంత దూరం, అన్నీ చెప్పి, వివరాలకి ముద్రాపకుణ్ణి అడగమనేవారు. అడవి భూమి కంటే చదును చేసిన భూమికి ధర ఎందుకు ఎక్కువో ఒక్కసారి ఓక్ వేరు పెకలించినవాడికి చెప్పక్కర్లేదు.

ఇంగ్లండులో చేబదులు తీర్చలేదని అప్పులవాడు పెద్దల భూమిని తేలిగ్గా అమ్మించలేకపోయేవాడు. భూమి వంశానిది, అప్పు మనిషిది అన్న తీరు అక్కడ. కాలనీల విషయంలో లండన్ వర్తకులు 1732లో పార్లమెంటు చేత వేరే చట్టం చేయించుకున్నారు. కాలనీల్లో భూములు, ఇళ్ళు, బానిసలు దేన్నైనా ఏ అప్పు కిందైనా జప్తు చేయొచ్చన్నారు. దాంతో భూమి చరాస్తిలాగే వేలానికి వచ్చింది. రైతు పొలం తనఖా పెట్టి పెట్టుబడి తెచ్చుకోవడం తేలికైంది, పోగొట్టుకోవడమూ అంతే తేలికైంది. అయితే ఆ చట్టంలో నన్ను కలవరపెట్టే భాగం మూడో మాట. వర్జీనియాలో 1705 నుంచి బానిసల్ని స్థిరాస్తి కింద లెక్కగట్టారు. యజమాని అప్పులపాలై చనిపోతే, పొలంతో పాటు ఆ పొలం దున్నిన మనుషులు కూడా షెడ్యూలులో వరస సంఖ్యలతో వేలానికి వచ్చారు. తల్లి ఒకరికి, బిడ్డ ఒకరికి. ఆ షెడ్యూలు రాసింది నాలాంటి గుమాస్తాయే. ఆ పేజీలు చదువుతుంటే నా వృత్తి మీద నాకున్న గౌరవం తడబడుతుంది.

స్టాంపు పేపరు మాట చెప్పకుండా ఏ దస్తావేజు లేఖరీ ఊరుకోలేడు. 1765లో పార్లమెంటు కాలనీల మీద స్టాంపు చట్టం పెట్టింది. వంద ఎకరాల లోపు భూమి దస్తావేజుకి ఒక షిల్లింగు ఆరు పెన్సులు, రెండు వందల లోపయితే రెండు షిల్లింగులు, 320 దాకా రెండున్నర. ఆ చట్టం నవంబరు ఒకటిన అమల్లోకి వచ్చేసరికి స్టాంపులు అమ్మాల్సిన ఏజెంట్లు జనానికి భయపడి రాజీనామాలు చేశారు. స్టాంపు కాగితం దొరకదు, దొరికినా కొనరు. చాలాచోట్ల కోర్టులు మూసేశారు, క్రయవిక్రయాలు స్తంభించాయి. 1766 మార్చిలో చట్టం రద్దయింది. పన్ను మొత్తం స్వల్పమే. అయినా తమ ఓటు లేని సభ వేసిన ముద్ర తమ దస్తావేజు మీద ఉండకూడదని వాళ్ళు పట్టుబట్టారు.

ఇప్పుడు గొలుసు చివరి లింకుల దగ్గరికి వస్తాను. బక్స్ కౌంటీలో దాదాపు ఏ పొలం తీసుకున్నా వెనక్కి వెళ్తే ఒక పెన్ పట్టా దగ్గర తేలతాం. దరఖాస్తు, వారంటు, సర్వే, సర్వే నివేదిక, చివరికి పట్టా, ఇదీ వరస. మధ్యలో ఏ మెట్టు దగ్గరైనా ఆ హక్కుని అమ్ముకోవచ్చు. పట్టా లేకుండా అడవిలో గుడిసె వేసుకున్న స్కాచ్ ఐరిష్, జర్మన్ కుటుంబాలూ వేలల్లో ఉన్నాయి. ఇంతమంది తిండికోసం కష్టపడుతుంటే ఇంత భూమి ఖాళీగా ఉంచడం దేవుడి చట్టానికే విరుద్ధమని వాళ్ళు అంటున్నారని పెన్‌ల ఏజెంటు జేమ్స్ లోగన్ మొత్తుకున్నాడు. వాళ్ళు భూమి కాక తాము నరికిన చెట్లని, వేసిన కంచెని, కట్టిన గుడిసెని అమ్మి ముందుకి పోయేవారు. కొన్నవాళ్ళూ తెలిసే కొనేవారు.

పెన్ పట్టాకి ముందు లింకు ఏది? రాజు ఇచ్చిన సన్నదు. రాజుకి ముందు? అక్కడ లెనాపే జాతి వాళ్ళు ఉన్నారు. పెద్దాయన విలియం పెన్‌కి ఈ ప్రశ్న తోచింది. రాజు సన్నదు చేతిలో ఉన్నా, లెనాపేల దగ్గర విడిగా కొన్నాడు. 1682 జులై దస్తావేజులో ఇప్పటి బక్స్ కౌంటీలో కొంత భూమికి ఇచ్చిన ప్రతిఫలం జాబితా ఉంది: 350 బారల వాంపం పూసల దండలు, 20 తెల్ల దుప్పట్లు, 20 తుపాకులు, 20 వంట పాత్రలు, 40 చొక్కాలు, 40 గొడ్డళ్ళు, 200 కత్తులు, ఇంకా చాలా. ఇరుపక్షాల మనసులో అమ్మకం అంటే ఒకటే ఉందా అన్నది వేరే ప్రశ్న. లెనాపేలకి అది కలిసి వాడుకోవడానికి, వేటకీ చేపలకీ మళ్ళీ వచ్చి వెళ్ళడానికి చేసుకున్న పొత్తు. ఇంగ్లీషువాళ్ళకి కంచె వేసుకునే హక్కు. అయినా అడిగి, ప్రతిఫలం ఇచ్చి పుచ్చుకున్నాడు. కొడుకులు ఆ పాటి కూడా చేయలేదు.

1737 నాటికి ఆ కొడుకుల్లో ఒకడైన థామస్ పెన్ అప్పుల్లో ఉన్నాడు, చేతిలో అమ్మడానికి భూమి తక్కువ. అప్పుడు 1686 నాటిదని చెప్పి ఒక పాత దస్తావేజు నకలు బయటికి తీశారు. దాని ప్రకారం లెనాపేలు ఒక చోటు నుంచి మనిషి ఒకటిన్నర రోజుల్లో నడిచినంత దూరం ఇచ్చారట. అసలు దస్తావేజు చూపలేదు. మా ఆఫీసులో అయితే అసలు లేని నకలు మీద పెన్ను పెట్టం. రెండేళ్ళ ముందే రహస్యంగా ఒకసారి నడిపించి చూశారు. అడవిలో బాట నరికించారు. 1737 సెప్టెంబరు 19 తెల్లవారుజామున రైట్స్‌టౌన్ దగ్గర ముగ్గురు బయల్దేరారు: ఎడ్వర్డ్ మార్షల్, జేమ్స్ యేట్స్, సాలమన్ జెన్నింగ్స్. గెలిచినవాడికి ఐదు పౌండ్లు, 500 ఎకరాలు. వెంట వచ్చిన లెనాపేలు, మీరు నడవడం లేదు, పరుగెడుతున్నారు అని మొదటి రోజే అభ్యంతరం చెప్పి వెనుదిరిగారు. జెన్నింగ్స్ మొదటి రోజే ఆగిపోయాడు, యేట్స్ రెండో రోజు కూలబడ్డాడు. మార్షల్ మాత్రం దాదాపు 65 మైళ్ళు వెళ్ళాడు. అక్కడితో అయిపోలేదు. ఆగిన చోటు నుంచి డెలావేర్ నదికి దగ్గర దారిలో గీత గీస్తారని లెనాపేలు అనుకున్నారు. సర్వేయరు ఈశాన్యంగా కోణం తిప్పి గీశాడు. ఒక్క గీతతో దాదాపు 12 లక్షల ఎకరాలు. అందులో కొంత నడకకి ముందే అమ్మేసి ఉన్నారు. పొలం కొలిచే గొలుసూ దిక్సూచీ మనిషి ఇల్లు లాక్కోడానికి ఇంత చక్కగా పనిచేస్తాయని నాకు ఆ నక్షా చూసేదాకా ఇంత సూటిగా తెలియలేదు.

ఈ చరిత్రలో మన ప్రాంతం కూడా ఒకచోట తగులుతుంది. ప్లాసీ యుద్ధం తరవాత, 1757 చివర్లో, ఈస్టిండియా కంపెనీ ఇంగ్లండు రాజు న్యాయాధికారుల అభిప్రాయం కోరింది. చార్లెస్ ప్రాట్, చార్లెస్ యార్క్ జవాబిచ్చారు: మొగలు పాదుషా గానీ ఇండియన్ రాజులు గానీ రాసిచ్చిన భూమి మీద హక్కు ఆ రాతతోనే కంపెనీకి వస్తుంది, రాజు పట్టా విడిగా అక్కర్లేదు. తరవాత 1759లో సలాబత్ జంగ్ మచిలీపట్నం ప్రాంతం రాసిచ్చాడు, 1765లో షా ఆలం ఉత్తర సర్కారులకి ఫర్మానా ఇచ్చాడు. మా తణుకు ఆ సర్కారుల్లోదే. అటు అమెరికాలో రాజు 1763 ప్రకటనతో స్థానిక జాతుల దగ్గర ప్రైవేటు వ్యక్తులు భూమి కొనకూడదని నిషేధించాడు. ఆ నిషేధం తాత్కాలికమేనని వాషింగ్టన్ 1767లో తన సర్వేయరు స్నేహితుడు క్రాఫర్డ్‌కి రాసి, మంచి భూములు గుర్తుపెట్టి ఉంచమన్నాడు. భూ వ్యాపారులు ప్రాట్, యార్క్ అభిప్రాయంలోంచి మొగలు పాదుషా ప్రస్తావన తీసేసి నకళ్ళు చేశారు. మిగిలిన ‘ఇండియన్ రాజులు’ అన్న మాట తమ అడవుల్లో ఉన్న జాతుల గురించే అన్నట్టు చూపించారు. 1773లో విలియం మర్రే ఆ నకలు చూపించి, ఇల్లినాయ్ జాతుల దగ్గర కస్కాస్కియాలో భారీగా కొన్నాడు. మా ఊళ్ళ కోసం రాసిన కాగితంలో ఒక ముక్క కత్తిరించి మిసిసిపీ ఒడ్డున వాడారు. 1823లో అమెరికా సుప్రీంకోర్టు జాన్సన్, మెకింటాష్ కేసులో ఆ కొనుగోలు చెల్లదంది. స్థానిక జాతులు భూమిని అనుభవించొచ్చు గానీ, ప్రభుత్వానికి తప్ప ఎవరికీ అమ్మలేరని న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు రాశాడు. వ్యాపారులు ఓడిపోయినందుకు నాకు బాధ లేదు. ఆ తీర్పు లెనాపేలు, ఇల్లినాయ్‌లు, మిగతా జాతులందరి మొదటి లింకునీ సగం హక్కుగా దిగజార్చింది.

ఆ 12 లక్షల ఎకరాల నడుమ ఒక లెనాపే ఇంగ్లీషు పద్ధతిలోనే భూమి పట్టా చేయించుకున్నాడు. పేరు మోజెస్ టాటమీ, దుబాసీ. 1738లో పెన్‌లు అతని పేర, ఇప్పటి ఈస్టన్ పక్కన, 315 ఎకరాలు రాసిచ్చారు. తన వాళ్ళంతా నివసించిన నేల మీద తన ఇంటి చోటుకి కొత్తవాళ్ళ దగ్గర పట్టా తీసుకోవాల్సి వచ్చింది. మిగతా లెనాపేలని 1742లో అక్కణ్ణించి ఖాళీ చేయమన్నారు. 2004లో డెలావేర్ నేషన్, అంటే ఆ లెనాపేల వారసులు, ఆ 315 ఎకరాలు మావని ఫెడరల్ కోర్టులో దావా వేశారు. అందులో ఇప్పుడు పిల్లలు బొమ్మలకి రంగులేసే క్రేయాన్ల ఫ్యాక్టరీ ఉంది. నడక కొనుగోలులో మోసం ఉందనే అనుకున్నా, రాజు తరఫున థామస్ పెన్ ఆ హక్కు రద్దు చేసేశాడు కనక ఆ మోసం జోలికి మేం వెళ్ళం అని కోర్టులు చెప్పాయి. 2006లో అప్పీలు కోర్టు అదే ఖాయం చేసింది, సుప్రీంకోర్టు విచారణకి తీసుకోలేదు. 1737 నాటి కొలత మీద ఒక్క సాక్ష్యమైనా వినకుండానే ఆ కేసు ముగిసింది.